బయట చెప్పులు గుమ్మం దాటకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

చెప్పులు బయటే విడవాలని చాలామందికి తెలుసు. అయినా గుమ్మం దాటి రెండడుగులు వేశాక విడిచేవాళ్లూ, చెత్త పడేసి వచ్చిన స్లిప్పర్లతోనే మంచం దాకా నడిచేవాళ్లూ తక్కువేం కాదు. ఎక్కువ ఇళ్లలో ఇబ్బంది ఇక్కడే వస్తుంది. బయటి కాలు ఎక్కడ ఆగాలి, లోపలి కాలు ఎక్కడ మొదలవ్వాలి అనే గీత ఒకటి ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే సగం పని అయినట్టే. కింది జవాబుల్లో చాలావరకు తిరిగి తిరిగి ఆ గీత దగ్గరికే వస్తాయి.

చెప్పుల అడుగున అసలు ఏముంటుంది?

మట్టి, ఇసుక, దుమ్ము కంటికి కనిపిస్తాయి. కనిపించని వాటిలో మొదటివి సూక్ష్మజీవులు. జంతువుల పెంట, పబ్లిక్ టాయిలెట్ల తడి నేల, మురుగునీరు తొక్కినప్పుడు ఈ-కోలై లాంటి పేగు బ్యాక్టీరియా అంటుకుంటుంది. కుక్కలు, పిల్లుల కడుపులో ఉండే టాక్సోకారా అనే పురుగు గుడ్లు కూడా మట్టితో పాటు రావచ్చు. ఈ గుడ్లు పెంటలో పడిన వెంటనే ప్రమాదకరం కావు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు గడిచాకే జబ్బు కలిగించే దశకు వస్తాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి బతికి ఉండగలవు. అందుకే పెంట ఎండి కొట్టుకుపోయిన చోటు చూడడానికి శుభ్రంగా ఉన్నా దాన్ని నమ్మలేం.

ఇక రసాయనాలు. పాత గోడల నుంచి రాలిన పెయింటు పొడి, తారు, వాహనాల నూనె, బ్రేకుల అరుగుదల పొడి, పురుగుమందులు, కలుపుమందులు. జనం ఎక్కువగా భయపడేది బ్యాక్టీరియాకి గానీ, మా ఉద్దేశంలో ముందు పట్టించుకోవలసింది వీటినే. ఎండిన నేల మీద బ్యాక్టీరియా చాలావరకు క్రమంగా తగ్గిపోతుంది. పాత పెయింటు పొడిలో ఉండే సీసం (లెడ్ అనే విషలోహం) మాత్రం తుడిచి తీసేదాకా అక్కడే ఉంటుంది. పురుగుమందులు ఆరుబయట ఎండకీ వానకీ మట్టిలోని సూక్ష్మజీవులకీ విరిగిపోతాయి. అదే మందు కార్పెట్ లోపలికి చేరిందంటే అక్కడ ఎండా లేదు, వానా లేదు, చాలాకాలం అలాగే నిలిచిపోతుంది.

ఒక్కో బూటు మీద 4,21,000 బ్యాక్టీరియా ఉంటుందంటారు. నిజమేనా?

ఆ అంకె 2008లో అరిజోనా విశ్వవిద్యాలయ సూక్ష్మజీవ శాస్త్రవేత్త చార్లెస్ గెర్బా చేసిన పరీక్ష నుంచి వచ్చింది. బూటు వెలుపలి భాగం మీద తేలిన సగటు అది. ఒక షూ తయారీ సంస్థతో కలిసి, కొద్దిమందితో చేసిన పరీక్ష కాబట్టి అంకెను మరీ గట్టిగా పట్టుకోవద్దు. బ్యాక్టీరియా ఎంత ఉందన్న దానికంటే ఏ రకం ఉంది, ఎక్కడికి చేరింది అన్నదే ముఖ్యం. ఆ పరీక్షలో పనికొచ్చే సంగతులు వేరే ఉన్నాయి: మల సంబంధమైన బ్యాక్టీరియా దాదాపు అన్ని బూట్ల మీదా కనిపించింది, శుభ్రమైన టైల్స్ మీద నడిస్తే అందులో ఎక్కువ భాగం టైల్స్‌కి అంటింది, డిటర్జెంటుతో ఉతికితే బాగా తగ్గింది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు చెప్పుల వల్ల జబ్బు చేస్తుందా?

చేసే అవకాశం తక్కువ. నేల మీదున్నది నోట్లోకి వెళ్లాలంటే మధ్యలో చెయ్యి ఉండాలి. నేల మీద కూర్చోకుండా, పడుకోకుండా, అక్కడ పడిన వస్తువు తీసుకున్నాక చేతులు కడుక్కునే పెద్దవాళ్లకు ఆ దారి చాలావరకు మూసుకున్నట్టే.

జాగ్రత్త అవసరమైనవాళ్లు వేరే ఉన్నారు: పాకే పిల్లలు, గర్భిణులు, కీమోథెరపీ లాంటి చికిత్సలతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, యాంటీబయాటిక్స్ వాడుతున్న వృద్ధులు. ఈ చివరివాళ్లకు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తీవ్రమైన విరేచనాలు తెప్పిస్తుంది. ఇది గట్టి పొర ఉన్న బీజాల (స్పోర్ల) రూపంలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పుల అడుగున కూడా దొరికింది. శానిటైజర్‌లోని ఆల్కహాల్ ఈ బీజాలను ఏమీ చేయలేదు. సబ్బు, నీళ్లతో చేతులు కడుక్కోవలసిందే.

పాకే పిల్లల విషయంలో ఇంత పట్టుదల ఎందుకు?

వాళ్ల లోకమంతా నేల మీదే. అరచేతులు నేలకి ఆనించి పాకుతారు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు, కింద దొరికిన బొమ్మని చప్పరిస్తారు. పైగా నోట్లోకి పోయిన సీసంలో పసిపిల్లల శరీరం పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. పెరుగుతున్న మెదడు మీద అది చేసే నష్టం తిరిగి బాగుపడేది కాదు.

సీసం కలిపిన పెట్రోలు రోడ్డు వాహనాలకు అమ్మడం ప్రపంచమంతటా ఆగిపోయింది 2021లోనే. దశాబ్దాల పాటు పొగతో పాటు పడిన సీసం రోడ్ల పక్క మట్టిలో ఇంకా ఉంది, పాత పెయింటు పొడి దానికి తోడు. పిల్లల రక్తంలో ఎంత సీసం కనిపిస్తే చర్య తీసుకోవాలి అనే కొలతను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అదే 2021లో డెసిలీటరుకు 5 నుంచి 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. ఇంత ఉంటే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ లేదు. సీసం దుమ్ము ఇంట్లోకి వచ్చే దారుల్లో చెప్పులు ఒకటి, ఆ దారిని మూయడానికి పైసా ఖర్చు లేదు.

కాస్త మట్టి తగిలితేనే పిల్లలకు రోగనిరోధక శక్తి పెరుగుతుంది కదా?

ఈ మాటలో కొంత నిజముంది. పశువుల మధ్య, పొలాల దగ్గర పెరిగిన పిల్లల్లో ఆస్తమా, అలర్జీలు తక్కువగా కనిపిస్తాయి. కాబట్టి పిల్లల్ని ఆరుబయట ఆడనివ్వండి, మొక్కలు నాటనివ్వండి, వచ్చాక చేతులు కడిగించండి. పబ్లిక్ టాయిలెట్ నేల మీది తడీ, రోడ్డు మీది నూనే ఆ లెక్కలోకి రావు. సీసానికి, పురుగుమందుకి శరీరం అలవాటు పడేది అంటూ ఏమీ ఉండదు.

చెప్పులు విడవడానికి కూడా పద్ధతి ఉందా?

ఉంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒక బూటు విప్పుతారు, ఆ వట్టి కాలిని అదే మురికి నేల మీద ఆనించి రెండో బూటు విప్పుతారు, ఆ కాళ్లతోనే లోపలికి వెళ్తారు. బూటు మీదున్న దుమ్ము సాక్సు అడుగుకి మారింది, అంతే తేడా.

సరైన వరుస ఇది. గీతకి బయటి వైపు, అంటే తలుపు ముందో, తలుపు లోపలే పరిచిన ట్రే మీదో నిలబడండి. లేసులు, బకిల్ ముందే వదులు చేయండి. కుడి కాలు బూటులోంచి తీసి, బయటి నేలను తాకకుండా నేరుగా గీత లోపలి వైపు పెట్టండి. బరువు ఆ కాలి మీదికి తెచ్చుకుని ఎడమ కాలు తీసి లోపల పెట్టండి. బూట్లను పై అంచు పట్టుకుని ట్రేలో సర్దండి, అడుగుభాగం ముట్టుకోవద్దు. తర్వాత 20 సెకన్ల పాటు సబ్బుతో చేతులు కడుక్కోండి. చెప్పులు విప్పాం కదా అని చేతులు మర్చిపోతే, అవే చేతులు లైటు స్విచ్చు మీదికీ ఫ్రిజ్ తలుపు మీదికీ వెళ్తాయి.

ఒంటికాలి మీద నిలబడలేనివాళ్లకు గీత పక్కనే సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి స్టూలు వేయండి. కూర్చుని, బూట్లు బయటి వైపు విప్పి, కాళ్లు తిప్పి లోపలి వైపు దించుకుంటే చాలు. నడుం వంగనివాళ్లకు మడమను బూటులోకి జారనిచ్చే పొడుగు పిడి పలక, అంటే షూహార్న్, బాగా ఉపయోగపడుతుంది.

గీత ఎలా గీయాలి?

నిజంగా గీయనక్కర్లేదు, కాలికి తెలిస్తే చాలు. గడప ఉంటే అదే గీత. లేకపోతే అంచు ఎత్తుగా ఉన్న రబ్బరు ట్రే, లేదా వేరే రంగు పట్టా వేయండి. రంగు టేపు అంటించినా పిల్లలు త్వరగా పట్టుకుంటారు.

తాళాలు మర్చిపోయి ఒక్క అడుగు లోపలికి వెళ్లాలి. మళ్లీ విప్పాలా?

ఇంట్లో ఇంకొకరుంటే తెచ్చిమ్మనండి. లేకపోతే విప్పండి. అది కుదరనంత తొందరైతే వెళ్లండి గానీ, తిరిగొచ్చాక ఆ దారిని తడిగుడ్డతో తుడవండి. అడుగున అంటిన దాంట్లో చాలాభాగం మొదటి కొద్ది అడుగుల్లోనే రాలుతుంది, కాబట్టి ముందు తుడవాల్సింది ఆ చోటే. ఇలాంటి తొందర తరచూ వస్తుంటే తాళాలు, గొడుగు, బ్యాగు గుమ్మం దగ్గరే తగిలించే కొక్కేలు పెట్టుకోండి, ప్రశ్నే ఉండదు.

డోర్‌మ్యాట్ ఉంటే చాలదా?

చాలదు, కానీ ఉండాలి. మ్యాట్ రెండు రకాల పనులు చేయాలి. తలుపు బయట గరుకుగా ఉండేది కావాలి, కొబ్బరిపీచుదో రబ్బరు పళ్లదో. అది మట్టిని గీరి తీస్తుంది. లోపల తడి పీల్చే బట్ట మ్యాట్ కావాలి. పెద్ద భవనాల ద్వారాల దగ్గర 10 అడుగుల పొడవున పట్టా వేయమని పర్యావరణ హిత భవనాల ప్రమాణాలు చెబుతాయి. నడిచే మనిషి ఒక్కో పాదం ఒకటి కంటే ఎక్కువసార్లు దాని మీద పడాలన్నదే లెక్క. ఇంట్లో అంత పొడవు కుదరదు కాబట్టి ఆగి, ఒక్కో కాలు నాలుగైదుసార్లు గట్టిగా రుద్దాలి.

మ్యాట్ నిండిపోతే శుభ్రం చేయడం మానేసి మురికిని తిరిగి అంటిస్తుంది. బయటి మ్యాట్‌ని వారానికోసారి ఇంటికి దూరంగా దులపండి, లోపలిది వారం, పది రోజులకోసారి ఉతికి పూర్తిగా ఆరబెట్టండి. అడుగున జారని రబ్బరు లేని మ్యాట్ వృద్ధులున్న ఇంట్లో వేయకండి.

చెప్పుల స్టాండు లోపల పెట్టొచ్చా?

గీతకి బయటి వైపు పెట్టగలిగితే మేలు. లోపలే పెట్టాల్సి వస్తే తలుపు పక్కనే, వెనకా పక్కలా గాలి ఆడే స్టాండు పెట్టండి. పూర్తిగా మూసిన అల్మారాలో తడి బూట్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే వాసన, తర్వాత బూజు వస్తాయి. కింది అరల్లో ఎక్కువ మురికివి పెట్టండి, పైన పెడితే దుమ్ము కిందివాటిలోకి రాలుతుంది. చెప్పులు గుమ్మానికి అడ్డంగా కుప్ప పడకుండా చూడండి. మంటలు రేగినప్పుడు, కరెంటు పోయినప్పుడు అందరూ పరిగెత్తేది అటే.

బయట విడిచిన బూట్లను వేసుకునే ముందు తిరగేసి నేలకి తట్టండి. తేళ్లు, సాలీళ్లు, జెర్రులు చీకటిగా ఉండే బూటు ముందుభాగంలో దూరతాయి.

ఇంట్లో వట్టికాళ్లతో తిరగొచ్చా, ఇంటి చెప్పులు వేసుకోవాలా?

కాళ్లు ఆరోగ్యంగా ఉండి, నేల పొడిగా, శుభ్రంగా ఉంటే వట్టికాళ్లు హాయి. నడక నేర్చుకుంటున్న పిల్లలకైతే వట్టికాళ్లే మంచివి, నేలను వేళ్లతో పట్టుకుని నిలదొక్కుకోవడం నేర్చుకుంటారు.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవకూడదు. ఉత్త సాక్సులతోనూ, పల్చటి అడుగున్న స్లిప్పర్లతోనూ వద్దు. గుచ్చుకున్న పిన్ను వాళ్లకు తెలియదు. సాయంత్రం సాక్సు మీద రక్తపు చుక్క చూసేదాకా పుండు మొదలైన సంగతే తెలియకపోవచ్చు. అలాంటివాళ్లకు ఇంటి కోసమే విడిగా ఒక జత కావాలి: అడుగు గట్టిగా, ముందుభాగం మూసి, మడమ వెనక పట్టీ ఉన్నది. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు లాంటివి లేవని చూడాలి. రాత్రి పడుకునే ముందు పాదాలను, వేళ్ల సందులతో సహా, అద్దం పెట్టి చూసుకోవాలి. డాక్టరు ప్రత్యేక బూట్లు రాసి ఉంటే, అలాంటిదే ఇంకో జత ఇంట్లోకి తీసుకోవడం ఉత్తమం. రెండో జత వీలు కాకపోతే, ఉన్న బూట్ల అడుగు తుడిచి ఇంట్లోనూ వేసుకోవాలి. నేల శుభ్రం కోసం పాదాన్ని పణంగా పెట్టకూడదు.

వృద్ధుల విషయంలో భయం జారిపడడం గురించి. నున్నటి టైల్స్ మీద సాక్సులు, వెనక పట్టీ లేని వదులు స్లిప్పర్లు రెండూ ప్రమాదమే. కాలికి సరిపోయేది, అడుగు జారనిది, మడమ మూసినది కావాలి. మడమ నొప్పి ఉన్నవాళ్లకు గట్టి నేల మీద వట్టికాళ్ల నడక నొప్పిని పెంచుతుంది, వాళ్లకూ మెత్తటి ఇంటి చెప్పులే మేలు.

ఇంటి చెప్పులతో బాల్కనీలోకి, చెత్తబుట్ట దాకా వెళ్లొచ్చా?

వెళ్తే అవి బయట చెప్పులైపోయినట్టే. బాల్కనీ తలుపు దగ్గర ఒక జత, బాత్‌రూమ్ దగ్గర ఒక జత విడిగా ఉంచండి. ఇంటి చెప్పులను వారం, రెండు వారాలకోసారి కడిగి ఆరబెట్టాలి. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుంటే పాదాల ఫంగస్ పాకుతుంది.

చెప్పుల అడుగు ఎలా శుభ్రం చేయాలి?

రోజూ అక్కర్లేదు. పెంట తొక్కినప్పుడు, మురుగులో నడిచినప్పుడు, ఆసుపత్రికి వెళ్లొచ్చినప్పుడు, లేదా బూట్లను ఇంట్లోకి తెచ్చి సర్దాల్సి వచ్చినప్పుడు చేయండి.

ముందు ఎండిన మట్టిని పుల్లతోనో పాత బ్రష్‌తోనో గాడుల్లోంచి బయటే తీయండి. తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్లతో రుద్ది కడగండి. మామూలు అవసరానికి ఇంతే చాలు. క్రిములను చంపాల్సి వస్తే లీటరు నీళ్లలో 5 శాతం బ్లీచ్ ద్రావణం 20 మిల్లీలీటర్లు కలిపి, అడుగుకి మాత్రమే రాసి, కనీసం ఒక నిమిషం తడిగా ఉంచి కడిగేయండి. మట్టి తీయకుండా బ్లీచ్ పోస్తే దాని బలమంతా మట్టికే సరిపోతుంది. బ్లీచ్‌ని యాసిడ్‌తో గానీ అమోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట, ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. తోలుకి, రంగు బట్టకి తగిలితే రంగు పోతుంది.

కాన్వాస్ బూట్లను లేసులు, లోపలి అట్ట తీసి, గుడ్డ సంచిలో వేసి చల్లటి నీళ్లతో మెషిన్‌లో ఉతకొచ్చు. హీటర్ ముందు ఆరబెడితే జిగురు వదిలి అడుగు ఊడొస్తుంది. లోపల కాగితాలు కూరి నీడలో గాలికి పెట్టండి.

విప్పిన బూట్లు కంపు కొడుతున్నాయి. ఏం చేయాలి?

చెమటకు సొంత వాసన పెద్దగా ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా చెమటలోని పదార్థాలను విరగ్గొట్టినప్పుడు పుట్టే ఐసోవలేరిక్ యాసిడ్ లాంటివి ఆ కంపుకి మూలం. బ్యాక్టీరియాకి తడి కావాలి కాబట్టి బూటు పూర్తిగా ఆరాలి. ఒకే జత రోజూ వేసుకోకుండా మధ్యలో ఒక రోజు విరామం ఇవ్వండి. కాళ్లు కడిగాక వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి. సెంటు కొడితే కంపు మీద ఇంకో వాసన చేరుతుంది తప్ప పోదు.

చెప్పులు బయటే విడుస్తున్నాం. నేల ఇంకా రోజూ తుడవాలా?

దుమ్ము కిటికీల నుంచి, బట్టల నుంచి కూడా వస్తుంది కాబట్టి తుడవడం తప్పదు, శ్రమ తగ్గుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే సన్నటి దుమ్ము గాల్లోకి లేచి మళ్లీ పడుతుంది. తడిగుడ్డ మేలు. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి సబ్బునీళ్లకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఒకే బకెట్ అయితే మూడో గదికొచ్చేసరికి మురికినీళ్లే పూస్తున్నట్టు. లోపలి గదుల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు రండి. వాక్యూమ్ వాడితే సన్నటి దుమ్మును కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టర్ ఉన్నది చూసుకోండి.

నేలకి కూడా లాభముందా?

చాలా. బూటు గాడిలో ఇరుక్కున్న ఇసుక రేణువు ఎక్కువగా క్వార్ట్జ్ అనే ఖనిజం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలబద్ద మీద దాని గట్టిదనం 7. పాలరాయిది 3. మనిషి బరువంతా పడుతుండగా మడమ తిప్పిన ప్రతిసారీ ఆ రేణువు రాయి మీద సన్నటి గీత గీస్తుంది. గుమ్మం దగ్గర పాలరాయి ముందుగా మెరుపు పోగొట్టుకునేది అందుకే.

అతిథులకు ఎలా చెప్పాలి?

అందరూ చెప్పులు విడిచిన చోటు కనిపిస్తే చాలామందికి చెప్పనక్కర్లేదు. కూర్చోవడానికి స్టూలు, వేసుకోవడానికి కడిగిన స్లిప్పర్లు సిద్ధంగా ఉంచండి. ‘పిల్లవాడు కింద పాకుతున్నాడండీ, చెప్పులు ఇక్కడ విడుస్తారా’ అంటే ఎవరూ నొచ్చుకోరు. కాలికి కట్టు, కృత్రిమ పాదం, ప్రత్యేక బూట్లు ఉన్నవాళ్లను విప్పమని అడగకండి. తర్వాత ఆ దారి తుడుచుకుంటే సరిపోతుంది.

మరమ్మతులకు వచ్చేవాళ్లు?

ఎలక్ట్రీషియన్, బరువులు మోసేవాళ్లు భద్రతా బూట్లు విప్పకూడదు. నడిచే దారిలో పాత దుప్పటి పరవండి. ప్లాస్టిక్ షూ కవర్లు తడి టైల్స్ మీద, మెట్ల మీద జారతాయి, అక్కడ వాడనివ్వకండి.

పనిచేసే చోట సీసం, రసాయనాలు ఉంటే?

బ్యాటరీలు, పాత పెయింటు గీకడం, లోహాలు కరిగించడం, పురుగుమందుల పిచికారీ లాంటి పనుల్లో ఉన్నవాళ్లు పని బూట్లను అసలు ఇంటికే తేకూడదు. పనిచోటే మార్చుకోవాలి. తప్పనిసరైతే మూత ఉన్న డబ్బాలో, ఇంటి బయట. పని బట్టలు దులపకుండా, మిగతావాటితో కలపకుండా ఉతకాలి.

కరోనా లాంటి వైరస్‌లు చెప్పులతో వస్తాయా?

2020లో వుహాన్‌లోని ఒక ఆసుపత్రిలో ఐసీయూ సిబ్బంది బూట్ల అడుగున తీసిన నమూనాల్లో సగం వాటిలో వైరస్ జన్యుపదార్థం దొరికింది. జన్యుపదార్థం దొరకడం, బతికున్న వైరస్ దొరకడం ఒకటి కాదు. ఆ జబ్బు ముఖ్యంగా గాలి ద్వారా పాకుతుంది. చెప్పులకు శానిటైజర్ కొట్టే పని పెట్టుకోకండి.

పెంపుడు కుక్క, చక్రాల కుర్చీ, పిల్లల బండి సంగతేంటి?

కుక్క పాదాలను గీత దగ్గర తడిగుడ్డతో తుడిచి, వేళ్ల మధ్య పొడిగా ఒత్తండి. ఫినాయిల్, బ్లీచ్ వాడొద్దు, అది పాదాలు నాకుతుంది. చక్రాల కుర్చీని, పిల్లల బండిని తడిగుడ్డ మీద ముందుకీ వెనక్కీ ఒక పూర్తి చుట్టు తిరిగేలా నడిపితే చక్రాలన్నీ తుడుచుకుంటాయి. చేతికర్ర అడుగు రబ్బరు, సూట్‌కేసు చక్రాలు, స్కూలు బ్యాగు అడుగు కూడా బయట నేలను తాకినవే. సూట్‌కేసును పరుపు మీద తెరిచే అలవాటుంటే మానేయండి.

పిల్లవాడు చెప్పు నోట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడేం చేయాలి?

చెప్పు తీసేసి, తడి శుభ్రమైన గుడ్డతో నోరు, చేతులు తుడవండి. నోట్లో రాయి, రబ్బరు ముక్క లేవని చూడండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. చాలాసార్లు ఏమీ కాదు. రెండు మూడు రోజుల్లో జ్వరం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే డాక్టరుకి చూపించి ఈ సంగతి చెప్పండి. ఆ చెప్పు మందు కొట్టిన పొలంలోనో, రసాయనాలున్న చోటో తొక్కినదైతే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వెళ్లండి, ఏ మందో తెలిస్తే డబ్బా వెంట తీసుకెళ్లండి.